పెళ్ళయితే పిచ్చి కుదురుతుందా?

"పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు" అని మనకో పాత సామెత ఉంది. ఎటూ తెగని వ్యవహారాల గురించి నవ్వుతూ వాడే మాట. కానీ మన ఇళ్ళల్లో ఈ సామెత రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు. మొదటి సగాన్ని మాత్రం వేదవాక్కులా నమ్ముతారు. అబ్బాయి తాగుతున్నాడా? పెళ్ళి చేసేయండి, దారిలో పడతాడు. ముక్కుమీద కోపమా? పెళ్ళాం వస్తే అదే చల్లారుతుంది. ఎవరితోనూ కలవడా, నోరు విప్పి మాట్లాడడా? ఇంట్లో ఒక ఆడపిల్ల తిరుగుతూ ఉంటే అన్నీ అవే సర్దుకుంటాయి! ఆ తిరిగే ఆడపిల్ల సంగతేమిటని అడిగే నాథుడు మాత్రం కనిపించడు.

నేను చెప్పబోయేది ప్రేమకథల గురించి. మరి పెళ్ళి సామెత ఎత్తుకుందేమిటి ఈవిడ అనుకోకండి. రెండింటికీ చాలా దగ్గర చుట్టరికం ఉంది. మన పెద్దవాళ్ళు ఒక్క ముక్కలో చెప్పిందాన్నే మన ప్రేమ నవలలు మూడు వందల పేజీల్లో చెప్పాయి. మనసు విరిగిన నాయకుడు ఉంటాడు. ప్రపంచం మీద కసితో ఉంటాడు. ఒక నాయిక వస్తుంది, తన ప్రేమతో అతన్ని మనిషిని చేస్తుంది. పుస్తకం మూసి మనం నిట్టూరుస్తాం.

నేను గృహిణిని. వంటా వార్పూ అయ్యాక, పిల్లలు పడుకున్నాక కథలు రాసుకుంటాను. వాటిలో ఎక్కువ భాగం ప్రేమకథలే. అందులోనూ మనసుకి దెబ్బ తగిలినవాళ్ళు మళ్ళీ ఇంకో మనిషిని నమ్మడం, ప్రేమించడం నేర్చుకోవడం నాకెంతో ఇష్టమైన విషయం. అందుకే ఇలాంటి కథలు ఎలా రాస్తున్నాం, ఎలా చదువుతున్నాం అన్నది మనం కాస్త నిదానంగా మాట్లాడుకోవాలనిపిస్తుంది.

అమ్మ బైండు పుస్తకాలు

మా అమ్మ దగ్గర ఒక రేకు పెట్టె నిండా బైండు పుస్తకాలు ఉండేవి. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, వరసగా పేర్చి, అట్ట వేసి కుట్టించినవి. యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి, మాదిరెడ్డి సులోచన... ఆ పేర్లు నాకు మా మేనత్తల పేర్లంత దగ్గర. 1960, 70 దశకాల్లో వాళ్ళు రాస్తుంటే పత్రిక ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన తరం మా అమ్మది. యద్దనపూడి 'సెక్రటరీ' చదివి రాజశేఖరంలాంటి వాణ్ణి ఊహించుకోని అమ్మాయి ఆ రోజుల్లో అరుదు. 2018లో ఆవిడ కన్నుమూసినప్పుడు మా అమ్మ ఆ పూట పెట్టె దించి, పుస్తకాలన్నీ దుమ్ము దులిపి మళ్ళీ సర్దింది. ఇంట్లో మనిషి పోయినట్టే కూర్చుంది.

ఈ నవలల్ని వెక్కిరించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆడవాళ్ళని పగటి కలల్లో తేలిస్తున్నారని అనేవారు. నాకైతే ఆ వెక్కిరింత నచ్చదు. పొద్దుట లేచిన దగ్గర్నుంచి ఎవరికి ఏం కావాలో చూసే మనిషికి, ఓ గంటసేపు తనకేం కావాలో ఆలోచించుకునే చోటు ఆ నవలలే ఇచ్చాయి. ఆత్మాభిమానం ఉన్న నాయికల్ని కూడా వాటిల్లోనే చూశాం. అభిమానం ఉంది కనకే వాటిల్లోని ఒక అలవాటు గురించి మాట్లాడుతున్నాను.

కోడూరి కౌసల్యాదేవి నవల 'ప్రేమనగర్' తీసుకోండి. 1971లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా వచ్చి ఎంత పేరు తెచ్చుకుందో చెప్పక్కర్లేదు. అందులో కల్యాణ్ తల్లి ప్రేమకి నోచుకోక ఆయా చేతుల్లో పెరిగిన జమీందారు బిడ్డ. డబ్బుంది, దిక్కు లేదు. తాగుడులో పడ్డాడు. ఉద్యోగానికి వచ్చిన లత అతన్ని మారుస్తుంది. అంతవరకూ మన సామెత కథే. కానీ ఆ కథలో నాకు నచ్చే సంగతి మరొకటి ఉంది. తన నిజాయితీ మీద అనుమానం పడ్డ రోజున లత ఆ మేడలో ఉండిపోదు. "పాపం, చిన్నప్పట్నుంచీ ప్రేమ ఎరగని మనిషి కదా" అని సర్దుకుపోదు. బయటికి నడుస్తుంది. సినిమా చూసినవాళ్ళకి పాటలూ, ఆ అద్దాల మేడా గుర్తున్నాయి కానీ, ఆమె బయటికి నడవడం ఎంతమందికి గుర్తుందో!

మగవాడికి గాయం, ఆడదానికి మచ్చ

ఇంకొంచెం వెనక్కి వెళ్తే దేవదాసు. శరత్ బాబు 1917లో ప్రచురించిన బెంగాలీ నవల. 1953లో మన తెలుగు సినిమా వచ్చాక దేవదాసు మనవాడే అయిపోయాడు. గడ్డం పెంచుకుని దిగులుగా తిరిగే కుర్రాళ్ళందరికీ ఆ పేరే పెట్టేశాం. ఆ నవలలో ఒక ఘట్టం ఉంది. పార్వతికి వేరేచోట పెళ్ళి నిశ్చయమైంది. చెరువు గట్టు దగ్గర ఇద్దరూ కలుసుకున్నారు. మాటా మాటా పెరిగింది. ఆమె గర్వం అణచాలని దేవదాసు చేతిలో ఉన్న చేపల గాలం కర్రతో ఆమె నుదుటి మీద కొట్టాడు. నెత్తురు కారింది, మచ్చ పడింది.

నూరేళ్ళకు పైబడి మనం ఎవరి కోసం ఏడుస్తున్నాం? దేవదాసు కోసం! అతని గుండెలో గాయం కంటికి కనబడదు గానీ మనకి తెలుసు. పార్వతి నుదుటి మీద గాయం కంటికి కనబడుతూనే ఉంది, మనకి గుర్తు లేదు. ఆ మచ్చతోనే ఆవిడ పెళ్ళి చేసుకుంది, సవతి పిల్లల్ని పెంచింది, పెద్ద సంసారం ఈదింది. చివరికి అతను వాళ్ళ వాకిట్లో వచ్చి ప్రాణం విడిస్తే ఆ బరువూ ఆమెదే అయింది. ఇక చంద్రముఖి సంగతి చెప్పనే అక్కర్లేదు. వీళ్ళ గాయాలకి మందు రాసిన మనిషి ఆ పుస్తకంలో ఒక్కరూ లేరు.

మన కథల్లో మగవాడి మనసుకి గాయమైతే అతను హీరో అవుతాడు. ఆడదాని మనసుకి గాయమైతే అది ఆమెకి మచ్చ అవుతుంది. మోసపోయింది, వదిలేశారు, మొగుడు పోయాడు, కోర్టుకెక్కింది... ఇలా ఏదో ఒక ముద్ర వేసి పక్కన నిలబెడతాం. లేదా ఒక ఉదారుడు వచ్చి ఆమెకి 'జీవితం ప్రసాదిస్తాడు'. ఈ మాట ఎప్పుడు విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. అప్పటిదాకా ఆమె దగ్గర ఉన్నదేమిటి, జీవితం కాదా?

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అది నిజంగా గొప్ప పని. ఆ రోజుల్లో ఆయన ఎదుర్కొన్న కష్టాలు తలచుకుంటే చేతులు జోడించాల్సిందే. కానీ సంస్కరణ వేరు, ప్రేమ వేరు. ఒకదాని చోట ఇంకొకటి పనిచెయ్యదని రంగనాయకమ్మ గారు 1960 దశకం మొదట్లోనే 'బలిపీఠం' రాసి చూపించారు. చావుకి దగ్గరపడిన బ్రాహ్మణ బాలవితంతువు ముత్తైదువగా పోవాలని కోరుకుంటుంది. ఆదర్శాలున్న దళిత యువకుడు ఆమె మెడలో తాళి కడతాడు. ఆమె బతుకుతుంది! బతికాక కదా అసలు కథ. అతనిది ఉపకారం, ఆమెది అవసరం. వాళ్ళ మధ్య కులం గోడ అలాగే ఉంది. తాళి కట్టిన క్షణాన ఎంత మంచితనం ఉన్నా, రోజూ కలిసి బతకడానికి అది చాలలేదు. జాలితో మొదలైన బంధం ప్రేమగా మారాలంటే మధ్యలో ఇద్దరూ చెయ్యాల్సిన పని చాలా ఉందని నాకు అర్థమైంది ఆ నవల చదివాకే.

పరదేశంలో కూడా ఈ సంగతి ఎప్పుడో రాసినవాళ్ళు ఉన్నారు. డిగ్రీలో మాకు ఇంగ్లీషు లెక్చరరు గారు షార్లెట్ బ్రాంటీ నవల 'జేన్ ఐర్' గురించి చెప్పేవారు. 1847లో వచ్చిన పుస్తకం. జేన్ తల్లీ తండ్రీ లేని పిల్ల. మేనమామ భార్య ఇంట్లో తన్నులు తిని, హాస్టలు బడిలో చలికీ ఆకలికీ ఓర్చి పెరిగింది. ఆమె పనిచేసే ఇంటి యజమాని రోచెస్టరు కూడా దెబ్బతిన్నవాడే. ఇద్దరికీ ప్రేమ. కానీ పెళ్ళిపీటల దాకా వచ్చాక అతనికి ముందే భార్య ఉందని, మతి చలించిన ఆమెని పై అంతస్తులో దాచాడని బయటపడుతుంది. అతను బతిమాలతాడు, నువ్వు లేకపోతే పాడైపోతానంటాడు. జేన్ ఏడుస్తూనే ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. తర్వాత తనవాళ్ళంటూ కొందరు దొరికాక, తన సొంత డబ్బు చేతికొచ్చాక, అతని మొదటి భార్య పోయిందని తెలిశాక, తన ఇష్టంతో తిరిగి వస్తుంది. ప్రేమించడమూ, తనని తాను పోగొట్టుకోకపోవడమూ రెండూ ఒక్క ఆడపిల్లే చేసి చూపిస్తుంది. అయితే ఆ మేడ మీద గదిలో మగ్గిన భార్య గోడు మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆమె వైపు నుంచి కథ చెప్పడానికి జీన్ రిస్ అనే రచయిత్రి 1966లో పూనుకోవాల్సి వచ్చింది. అంటే 119 ఏళ్ళు పట్టిందన్నమాట!

కథే కదా అంటారా?

"కథని కథగా చదువుకోక ఇంత విచారణ ఎందుకమ్మా?" అని మా వారే అంటుంటారు. నిజమే, కథే. కానీ మనింట్లో ఆడపిల్లకి ప్రేమ గురించి మనం ఏం చెబుతాం? వంట నేర్పిస్తాం, చదువు చెప్పిస్తాం, చీర కట్టుకోవడం చూపిస్తాం. ఒక మగవాడి నుంచి ఏది ఆశించాలి, ఏది సహించకూడదు అన్నది ఏ తల్లీ కూర్చోబెట్టి చెప్పదు. ఆ పాఠం మన పిల్లలు సినిమాల్లో, సీరియళ్ళలో, నవలల్లో, ఇప్పుడైతే సెల్‌ఫోన్లో చదివే కథల్లో నేర్చుకుంటున్నారు. మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' శీర్షికకి దశాబ్దాలపాటు ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఉత్తరాలు రాశారంటే, ఇంట్లో అడగలేనివి అడగడానికి మరో చోటు లేకనే కదా.

నాకు తెలిసిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. డిగ్రీ చదివింది, చలాకీ పిల్ల. సంబంధం కుదిరింది. పిల్లవాడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు గానీ తాగుతాడని ముందే తెలిసింది. "తండ్రి పోయిన దిగులండీ, పెళ్ళయితే సర్దుకుంటుంది" అన్నారు అటువాళ్ళు. ఇటువాళ్ళూ సరేనన్నారు. పెద్దవాళ్ళ సంగతి అలా ఉంచండి, ఆ పిల్లే నాతో ఏమందో తెలుసా? "పాపం ఆంటీ, ఆయన్ని అర్థం చేసుకునేవాళ్ళు ఎవరూ లేరు. నేనుంటే మారతారు" అంది. కళ్ళల్లో మెరుపు! అప్పటికే ఆ పిల్ల ఒక నవలకి నాయిక అయిపోయింది.

మూడేళ్ళు గడిచాయి. అతను మారలేదు. చంటిపిల్లతో పుట్టింటికి వచ్చింది. ఓ సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తూ నాతో అన్నమాట ఇప్పటికీ నన్ను వదలదు. "నేను సరిగ్గా ప్రేమించలేదేమో ఆంటీ!"

చూశారా ఎక్కడికి వచ్చిందో! ప్రేమే మందు అని నమ్మించాం. రోగం తగ్గకపోతే తప్పెవరిది? మందు సరిగ్గా వెయ్యనిదానిది! అతని తాగుడుకి అతని దిగులు కారణం, అతని దిగులు తగ్గకపోవడానికి ఆమె కారణం. తాగినవాడు మాత్రం ఈ లెక్కలో ఎక్కడా కనబడడు. దెబ్బతిన్న మగవాణ్ణి ప్రేమతో బాగుచేసే కథల్ని ఆలోచన లేకుండా రాస్తే జరిగే అన్యాయం ఇదే. కథలో నాయిక గెలుస్తుంది. చదివిన పిల్ల మాత్రం తను ఓడిపోయాననుకుంటుంది.

ఇంకో సంగతి. చాలా కథల్లో నాయకుడు మొదటి సగమంతా నాయికని అవమానిస్తూ ఉంటాడు. మాటలతో పొడుస్తాడు, చెయ్యి గట్టిగా పట్టుకుని లాగుతాడు, వద్దన్నా వెంట పడతాడు. చివర్లో అతని చిన్ననాటి కష్టం ఒకటి చెప్పేసరికి అన్నీ మాఫీ! నిజజీవితంలో వీటికి వేరే పేర్లున్నాయి. 2005లో చేసిన గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. కొట్టడమే కాదు, మాటలతో మనసుని హింసించడం కూడా ఆ చట్టం ప్రకారం హింసే. వద్దన్నా వెంటపడటం 2013 నుంచి మన చట్టం ప్రకారం నేరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్ళయి 18 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో సుమారు 29 శాతం మంది భర్త చేతిలో ఏదో ఒకప్పుడు హింసకు గురైనట్టు తేలింది. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు. మన కథలు చదివే పదిమందిలోనూ ఆ ముగ్గురు ఉంటారు కదండీ! కథలో హీరో చెయ్యెత్తినప్పుడు వాళ్ళు ఆ పేజీ ఎలా చదువుతారో రాసేవాళ్ళం ఒక్క క్షణం ఆలోచించాలి.

ఆరింటికి అంటే ఆరింటికి

మరి దెబ్బతిన్నవాళ్ళ గురించి ప్రేమకథలు రాయొద్దంటారా? అయ్యో, అలా ఎందుకంటాను! వాళ్ళ గురించే రాయాలి. దెబ్బ తినని మనిషి ఎవరున్నారు చెప్పండి? అందరి ముందూ తండ్రి చేత చెంపదెబ్బలు తిని, "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అనిపించుకుని పెరిగినవాడు ఉంటాడు. వాడికి ఏడవడం రాదు, అందుకని కోపం వస్తుంది. పెళ్ళయిన ఆర్నెల్లకే తిరిగొచ్చి, "ఏం జరిగిందమ్మా?" అని అడిగినవాళ్ళందరికీ అదే జవాబు చెప్పి చెప్పి అలిసిపోయిన అమ్మాయి ఉంటుంది. వీళ్ళకి ప్రేమ అక్కర్లేదా? అందరికంటే వీళ్ళకే ఎక్కువ కావాలి. కానీ వీళ్ళకి అది ఒక్క రాత్రిలో రాదు. వానలో తడిసిన పాటలోనూ రాదు. నేర్చుకుంటేనే వస్తుంది, సైకిలు నేర్చుకున్నట్టు. మోకాళ్ళు దోక్కుపోతాయి కూడా.

గాయాన్ని ఒక పెద్ద ఫ్లాష్‌బ్యాకులో చెప్పేస్తే పాఠకులు జాలిపడతారు, అంతే. ఆ గాయం రోజువారీ పనుల్లో ఎలా బయటపడుతుందో చూపించగలిగితే గుర్తుపడతారు. గేటు చప్పుడు కాగానే ఉలిక్కిపడి గ్యాసు పొయ్యి మీద పాలవైపు చూసే ఆడమనిషిని చూపించండి. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఒకే భోజనంలో నాలుగుసార్లు అడిగే మనిషిని చూపించండి. మూడొందలు పెట్టి కొన్న జాకెట్టు ముక్కని నూట యాభై అని చెప్పే మనిషిని చూపించండి. ఇంక ఆమె మొదటి మొగుడు ఎలాంటివాడో మీరు ఒక్క ముక్క రాయక్కర్లేదు. చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.

అలాగే నమ్మకం తిరిగి రావడం కూడా చిన్న చిన్న పనుల్లోనే చూపించాలి. ఆరింటికి వస్తానన్న మనిషి ఆరింటికే రావడం, రాలేకపోతే ముందే ఫోన్ చేసి చెప్పడం. పొరపాటైతే "అయితే ఇప్పుడేమంటావ్?" అనకుండా, "నాదే తప్పు" అనడం. ఆమె వద్దంటే ఎందుకని నిలదీయకుండా ఊరుకోవడం. ఇవన్నీ డైలాగులకి పనికిరానివే. కానీ దెబ్బతిన్న మనిషి చూసేది వీటినే. "నీ కోసం ప్రాణమిస్తా" అన్నవాళ్ళని వాళ్ళు ఇదివరకే చూసి ఉంటారు. వాళ్ళకి ప్రాణం అక్కర్లేదు, చెప్పిన వేళకి వచ్చే మనిషి కావాలి.

నేను రాసిన ఒక కథలో విడాకులు తీసుకున్న టీచరమ్మ, భార్య పోయిన ఒక గుమాస్తా పెళ్ళి చేసుకుంటారు. మొదటి భర్త ఆమె బీరువా తాళాలు లాక్కుని జీతం డబ్బులు లెక్కపెట్టేవాడు. కొత్త ఇంటికి వచ్చిన రోజున ఈయన ఒక బీరువా ఖాళీ చేసి, తాళంచెవులు రెండూ ఆమె చేతిలో పెడతాడు. "రెండోది మీ దగ్గర ఉంచుకోండి" అంటుంది ఆమె అలవాటుగా. "నాకెందుకండీ?" అంటాడాయన. అంతే. ఆ కథ అచ్చయ్యాక ఒక పాఠకురాలు ఫోన్ చేసి, "ఇంతకీ ఆయన ఆవిడని ప్రేమించాడా లేదా? ఐ లవ్ యూ అని ఒక్కసారి కూడా అనలేదేమండీ?" అని అడిగింది. నవ్వొచ్చింది. ఇంకొకావిడ ఉత్తరం రాసింది. అందులో ఒకటే వాక్యం: "రెండో తాళంచెవి గురించి రాసినందుకు థాంక్స్." ఆ ఉత్తరం దాచుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళని హీరో

మన కథల్లో హీరోకి గుండె జబ్బు వస్తే పెద్ద డాక్టరు వస్తాడు. కళ్ళు పోతే ఆపరేషను చేయిస్తారు, అవసరమైతే విదేశాలకి పంపిస్తారు. మనసు పాడైతే మాత్రం హీరోయిన్ని పంపిస్తారు! తాగుడు మానిపించే కేంద్రానికి వెళ్ళిన హీరోని, కౌన్సెలింగ్ గది బయట బెంచీ మీద కూర్చున్న హీరోని మీరు ఎన్ని నవలల్లో చూశారు?

డిగ్రీలో సైకాలజీ ఒక సబ్జెక్టుగా చదివాను కనక ఆ పుస్తకాలంటే ఇప్పటికీ ఆసక్తి. పసితనంలో పెంచినవాళ్ళతో ఏర్పడే బంధం మనిషికి ఎంత ముఖ్యమో జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ వైద్యుడు వివరించారు. ఆ బంధం తీరుకీ, పెద్దయ్యాక మనం ప్రేమించే తీరుకీ పోలికలున్నాయని 1987లో హేజన్, షేవర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చూపించారు. అంటే 'ప్రేమనగర్' కల్యాణ్ లాంటివాళ్ళని మన రచయిత్రులు గాల్లోంచి పుట్టించలేదన్నమాట. జూడిత్ హెర్మన్ అనే డాక్టరమ్మ 1992లో రాసిన పుస్తకంలో, తీవ్రంగా గాయపడ్డ మనసు కోలుకోవడానికి మూడు దశలు చెప్పారు. మొదట తను క్షేమంగా ఉన్నానన్న ధైర్యం రావాలి. తర్వాత జరిగింది చెప్పుకుని, పోయినదాని కోసం ఏడవాలి. ఆ తర్వాతే మళ్ళీ మనుషుల్లో కలవడం. మన నవలల్లో మొదటి రెండూ ఎగరగొట్టి తిన్నగా మూడోదానికి, అంటే పెళ్ళి శుభలేఖకి వెళ్ళిపోతున్నాం!

ప్రేమ అక్కరకు రాదని ఎవరూ అనలేదు. పక్కన నమ్మదగ్గ మనిషి ఉంటే కోలుకోవడం తేలికవుతుంది. కానీ కాలు విరిగినవాడికి భుజం పట్టుకోనివ్వగలం గానీ, వాడి బదులు మనం నడవలేం. ఆ అడుగు అతనే వెయ్యాలి. ఆమె గాయమైతే ఆమే వెయ్యాలి. మన దగ్గర ఇప్పుడు దానికి సాయం కూడా ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 'టెలిమానస్' సర్వీసు ప్రారంభించింది. 14416 నంబరుకి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో హింస ఎదురవుతుంటే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. కథలో నాయకుడు ఒక్కసారి ఆ ఫోన్ చేస్తే అతని మగతనానికి వచ్చే లోటేమీ లేదు. నాయిక పుట్టింటికి కాకుండా ముందు ఆ నంబరుకి ఫోన్ చేస్తే కథలో ప్రేమ తగ్గిపోదు.

సుఖాంతాలు వద్దని కూడా నేను అనను. పగలంతా చాకిరీ చేసి రాత్రి పది నిమిషాలు పుస్తకం పట్టుకున్న మనిషి ఏడుస్తూ నిద్రపోవాలని నాకు లేదు. చివరికి ఆ ఇద్దరూ ఒకటవ్వాలనే నేనూ కోరుకుంటాను. కాకపోతే అతను మారితే అది అతను మారాలనుకుని, కష్టపడి మారినట్టు ఉండాలి. ఆమె ఉంటే అది వెళ్ళగలిగి కూడా ఉండాలనుకుని ఉన్నట్టు ఉండాలి. ఆమె గాయానికి కూడా కథలో నాలుగు పేజీలు దక్కాలి. ఒకవేళ అతను మారకపోతే, ఆమె వెళ్ళిపోవడం కూడా సుఖాంతమే. దాన్ని విషాదంలా రాయక్కర్లేదు.

రాసే చెల్లెళ్ళకి నా మనవి ఇదే. ఈసారి మీ కథలో గాయపడ్డ నాయకుడు వస్తే, నాయికని అతని దగ్గరికి పంపే ముందు అతన్ని ఒక ప్రశ్న అడగండి: "నువ్వు బాగుపడటానికి నువ్వేం చేస్తున్నావు?" జవాబు చెప్పగలిగితే పెళ్ళి చెయ్యండి. చదివే అక్కచెల్లెళ్ళకి ఇంకో మాట. మీ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉండి, "పెళ్ళయితే సర్దుకుంటుంది" అన్న మాట ఎవరి నోటైనా వినబడితే సామెత రెండో సగాన్ని కూడా గట్టిగా గుర్తుచెయ్యండి. ముందు పిచ్చి కుదరనివ్వండి. పెళ్ళి ఎక్కడికీ పోదు.